నా, మా, మన: సంస్థల ఆన్‌లైన్ కార్యస్థలాల్లో సొంతం, ఉమ్మడి భావనల పరిశీలన

వ్యాస సంగ్రహం

కార్యాలయాలూ విశ్వవిద్యాలయాలూ తమ రాతపనిని నేడు చాలావరకు ఆన్‌లైన్ కార్యస్థలాల్లో సాగిస్తున్నాయి. షేర్‌పాయింట్, వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, స్లాక్ వంటి సాఫ్ట్‌వేర్లు ఈ స్థలాన్ని ‘నాది’, ‘పంచుకున్నది’ అని రెండుగా విభజిస్తాయి. ఈ విభజనలోని భాషనూ నియమాలనూ ఒక పాఠ్యంగా చదవడం ఈ వ్యాస ఉద్దేశం. తెలుగులోని నా, మా, మన అనే సర్వనామ రూపాలనూ, ఉమ్మడి ఆస్తి, స్వార్జితం, విద్యాధనం అనే ధర్మశాస్త్ర భావనలనూ ఇందుకు ఆధారంగా తీసుకున్నాను. సంస్థలోని వ్యక్తిగత కార్యస్థలం విలువ యాజమాన్యంలో లేదు. రాత పూర్తయ్యేదాకా దానిని తన దగ్గర ఉంచుకోగలగడంలో ఉంది. ఆ అవకాశానికీ, సంస్థను విడిచి వెళ్ళేవారి వాటాకూ సాఫ్ట్‌వేర్ దానంతటది రక్షణ ఇవ్వదనీ, ఆ రక్షణ సంస్థ రాసుకునే కట్టుబాటు నుంచే రావాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కార్యస్థలం, ఉమ్మడి, స్వార్జితం, విద్యాధనం, చిత్తుప్రతి, సర్వనామాలు, షేర్‌పాయింట్, గూగుల్ డ్రైవ్.

1. ఉపోద్ఘాతం

సాహిత్య విమర్శ కావ్యాలకూ కథలకూ పరిమితం కానక్కరలేదు. మనుషులు రోజూ చదివే, రాసే, లోబడి నడుచుకునే ప్రతి పాఠ్యమూ విమర్శకు యోగ్యమైనదే. శాసనాన్నీ, దస్తావేజునూ, నిఘంటువు ముందుమాటనూ మనం అలాగే చదివాం. ఈనాటి ఉద్యోగి ఉదయం నుంచి సాయంత్రం దాకా చూసే పాఠ్యం అతని కంప్యూటర్ తెర మీది కార్యస్థలం. అందులో ‘నా డ్రైవ్’ అని ఒకచోట, ‘నాతో పంచుకున్నవి’ అని మరొకచోట, ఫలానా బృందం పేరు ఇంకొకచోట కనిపిస్తాయి. ఈ పేర్లు కేవలం దారి చూపే పలకలు కావు. ఎవరి రాత ఎవరిది, దానిని ఎవరు చూడవచ్చు, రాసినవారు వెళ్ళిపోతే అది ఎవరికి చెందుతుంది అనే ప్రశ్నలకు అవి ముందుగానే జవాబు చెప్పివేస్తాయి.

ఆ జవాబులను పరిశీలించడమే ఈ వ్యాసం చేసే పని. సాఫ్ట్‌వేర్ల పనితీరును పోల్చి ఏది మెరుగో తేల్చడం దీని లక్ష్యం కాదు. పేర్లు, చిరునామాలు, ముందే నిర్ణయమై ఉండే అమరికలు, ఖాతా ముగింపు నియమాలు అనే నాలుగింటిని మాత్రమే పాఠ్యంగా స్వీకరించాను.

2. ఎదురెదురు దారుల్లో వచ్చిన రెండు స్థలాలు

ఒకే రాత మీద ఇద్దరు దూరదూరాన ఉండి పనిచేయాలనే కోరిక కంప్యూటర్ చరిత్రలో పాతదే. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన కంప్యూటర్ సదస్సులో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఒక ప్రదర్శన ఇచ్చాడు. వేదిక మీద ఉన్న ఆయనా, మెన్లోపార్క్‌లోని ప్రయోగశాలలో ఉన్న సహచరుడూ ఒకే పాఠాన్ని తెర మీద చూస్తూ, మాట్లాడుకుంటూ పనిచేయడం అందులో ఒక ఘట్టం. 1984లో ఐరీన్ గ్రీఫ్, పాల్ కాష్‌మన్‌లు కంప్యూటర్ సాయంతో జరిగే సహకారపనిని ఒక అధ్యయన రంగంగా గుర్తించి దానికి పేరు పెట్టారు. 1989లో లోటస్ నోట్స్ మార్కెట్లోకి వచ్చింది. సంస్థలు పెద్ద ఎత్తున వాడిన తొలి సహకార సాఫ్ట్‌వేర్లలో అది ముఖ్యమైనది.

మన కాలపు సాఫ్ట్‌వేర్లకు వచ్చేసరికి రెండు ఎదురెదురు దారులు కనిపిస్తాయి. మైక్రోసాఫ్ట్ 2001లో విడుదల చేసిన షేర్‌పాయింట్ మొదట సంస్థ పత్రాలన్నిటికీ కలిపి ఒక వాకిలి. 2003 విడుదలలో ప్రతి ఉద్యోగికీ ‘మై సైట్’ అనే సొంత స్థలం వచ్చింది. ఆ సొంత స్థలానికి కూడా రెండు ముఖాలు ఉండేవి: తనకు మాత్రమే కనిపించే లోపలి పేజీ ఒకటి, సహోద్యోగులకు కనిపించే బయటి పేజీ మరొకటి. ఉద్యోగి పత్రాలు దాచుకునే ఈ భాగమే క్రమంగా మారి 2014 నాటికి సంస్థల వన్‌డ్రైవ్ అయింది. అంటే ఇక్కడ ఉమ్మడి స్థలం ముందు పుట్టింది. అందులోనుంచి సొంత గది చీలింది.

గూగుల్ దారి ఇందుకు భిన్నం. 2012లో వచ్చిన గూగుల్ డ్రైవ్‌లో ప్రతి ఫైలుకూ ఒక వ్యక్తి యజమాని. పంచుకోవడమంటే ఆ యజమాని ఇతరులను తన ఫైలులోకి రానివ్వడం. బృందానికే చెందే ఫైళ్ళ స్థలం 2017లో ‘టీమ్ డ్రైవ్’ పేరుతో వచ్చింది. 2019లో అది ‘షేర్డ్ డ్రైవ్’ అయింది. ఇక్కడ సొంత గదులు ముందు పుట్టాయి. వాటి మధ్య ఉమ్మడి సావడి తరవాత కట్టారు.

బయలుదేరిన చోట్లు వేరైనా రెండూ చేరుకున్నది ఒకే జంటకు: ఒక సొంత స్థలం, ఒక ఉమ్మడి స్థలం. సంస్థలో పనిచేసే మనిషికి రెండూ అవసరమని ఈ చరిత్రే చెబుతున్నది. కాని అవసరాన్ని గుర్తించడం వేరు, హక్కును గుర్తించడం వేరు.

3. ‘నా’ అంటున్నది ఎవరు?

కథన విమర్శలో మొదటి ప్రశ్న ఇది: ఈ మాట ఎవరి గొంతులోనుంచి వస్తున్నది? ‘నా డ్రైవ్’ అనే పేరు ఉత్తమపురుషలో ఉంది. కాని ఆ పేరు పెట్టినది ఆ డ్రైవ్ వాడే మనిషి కాదు. తయారుచేసిన సంస్థ వాడుకరి గొంతును అరువు తీసుకుని, అతని తరఫున ‘నా’ అన్నది. ఆ మాటను రోజూ చూసే వాడుకరి కొన్నాళ్ళకు దానిని తన మాటగానే భావిస్తాడు. గది తలుపు మీద ‘మీకు కేటాయించిన గది’ అని రాసి ఉంటే కలిగే భావం వేరు. ‘నా గది’ అని రాసి ఉంటే కలిగే భావం వేరు. రెండో మాటలో కేటాయించినవాడు కనబడకుండా పోతాడు.

తెర మీది పేరు దాచినదాన్ని చిరునామా బయటపెడుతుంది. సంస్థ వన్‌డ్రైవ్‌లో ఒక ఉద్యోగి స్థలానికి ఉండే వెబ్ చిరునామాను ఎడమనుంచి కుడికి చదివితే మొదట సంస్థ పేరు వస్తుంది. దానికి హైఫన్‌తో అతికించి ‘మై’ అనే మాట. ఆ తరవాత షేర్‌పాయింట్ పేరు. పిమ్మట ‘పర్సనల్’ అనే మాట. చివరగా ఉద్యోగి ఖాతా పేరు, దానిని అంటిపెట్టుకుని సాధారణంగా మళ్ళీ సంస్థ పేరే. ‘నా’ అనీ ‘వ్యక్తిగతం’ అనీ రెండు మాటలు ఉన్నప్పటికీ, మనిషి పేరు సంస్థ పేరుకు ఇటూ అటూ మధ్యన ఇరుక్కుని ఉంది. వాస్తవ సంబంధాన్ని ఈ చిరునామా తెర మీది పేరుకంటె నిజాయితీగా చెబుతుంది.

నియమాలు చిరునామానే సమర్థిస్తాయి. సంస్థ అడ్మినిస్ట్రేటర్ తలచుకుంటే ఉద్యోగి వన్‌డ్రైవ్‌కు తనను తాను నిర్వాహకుడిగా చేర్చుకుని లోపలికి వెళ్ళగలడు. ఉద్యోగి ఖాతాను తొలగిస్తే, సంస్థ వేరే గడువు పెట్టుకోనప్పుడు, అతని వన్‌డ్రైవ్ 30 రోజులు నిలిచి ఉంటుంది. పై అధికారి పేరు నమోదై ఉంటే ఆ అధికారికి అందులో ప్రవేశం దొరుకుతుంది. గూగుల్ వర్క్‌స్పేస్‌లో తొలగించిన ఖాతాను 20 రోజుల లోపల తిరిగి తేవచ్చు. ఆలోగా ఫైళ్ళ యాజమాన్యాన్ని మరొకరికి బదిలీ చేయకపోతే అవి పోతాయి. వాటిని ఎవరెవరితో పంచుకున్నారో వారికీ అందకుండా పోతాయి.

ఇందులో కుట్ర ఏదీ లేదు. సంస్థ డబ్బు చెల్లించి తీసుకున్న స్థలం మీద సంస్థకు అదుపు ఉండటం సహజమే. నా ఆక్షేపణ అదుపు మీద కాదు, సర్వనామం మీద. సత్రంలో గది తీసుకున్నవాడు దానిని ‘నా గది’ అనడం వాడుకలో ఉన్నదే. అయితే అతనికి అది సత్రమని తెలుసు. తెలియకుండా చేసే ‘నా’ తప్పుదోవ పట్టిస్తుంది.

4. మా, మన: పంచుకోవడంలోని వెలి

ఇంగ్లిషులో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్లకు ‘మై’, ‘షేర్డ్’ అనే జంట చాలినట్లు కనిపిస్తుంది. తెలుగులో ఆలోచించేవారికి అది చాలదు. మన భాషలో ఉత్తమపురుష బహువచనం రెండు విధాలు. ‘మేము’ అన్నప్పుడు వింటున్నవారు అందులో లేరు. ‘మనము’ అన్నప్పుడు ఉన్నారు. ‘మా ఊరు’ అన్నవాడు ఎదుటివాడిని ఊరి పొలిమేర అవతల నిలబెడతాడు. ‘మన ఊరు’ అన్నవాడు లోపలికి పిలుస్తాడు. కలుపుకోవడం, మినహాయించడం అనే రెండు పనులను తెలుగు ఏ మాత్రమూ దాచకుండా వ్యాకరణంలోనే పెట్టింది. ఇంగ్లిషు సర్వనామానికి ఈ భేదం లేదు.

అంతకంటె గమనించదగినది మరొకటి ఉంది. తెలుగువారు ‘నా పెన్ను’ అంటారు కాని ఇంటిని సాధారణంగా ‘మా ఇల్లు’ అంటారు. తల్లిని ‘మా అమ్మ’ అంటారు. ఒక్కడే సంతానమైనా ‘మా అమ్మ’ అనే అంటాడు. కొన్ని వస్తువులూ కొన్ని బంధాలూ ఒక్కరివిగా చెప్పదగినవి కావనే భావం ఈ వాడుకలో ఉంది. కార్యస్థలం పెన్ను వంటిదా, ఇల్లు వంటిదా అనే ప్రశ్న తెలుగులో తప్పక పుడుతుంది. ‘మై డ్రైవ్’ను ‘నా డ్రైవ్’ అని తెనిగించినప్పుడు ఆ ప్రశ్నకు పెన్ను పక్షాన తీర్పు చెప్పినట్లే.

ఈ దృష్టితో చూస్తే ‘షేర్డ్’ అనే ఒక్క మాట కింద ఉన్న వేరువేరు స్థలాలు విడివడి కనిపిస్తాయి. షేర్‌పాయింట్‌లోని బృంద స్థలంలో సభ్యులందరూ రాయవచ్చు, బయటివారికి ప్రవేశం ఉండకపోవచ్చు. అది ‘మా’. సంస్థ అంతటికీ సమాచారం తెలియజేసే కమ్యూనికేషన్ స్థలంలో రాసేవారు కొద్దిమంది, చదివేవారు అనేకులు. అది పేరుకు ‘మన’. రాత విషయంలో మాత్రం ‘మా’. స్లాక్‌లోని బహిరంగ చానల్ ‘మన’కు దగ్గర, ప్రైవేటు చానల్ కచ్చితంగా ‘మా’. ఫైలు లింకు ఇచ్చేటప్పుడు ఎదురయ్యే ఎంపికలు కూడా ఇటువంటివే: పేర్కొన్న కొందరికి, సంస్థలోని వారికి, లింకు దొరికిన ఎవరికైనా. మొదటిది మా, రెండోది మన. మూడోదానికి సర్వనామమే లేదు, అది వీధి.

ఉమ్మడి స్థలం లోపల కూడా అందరూ సమానులు కారు. గూగుల్ షేర్డ్ డ్రైవ్‌లో చూడగలిగేవారు, వ్యాఖ్య రాయగలిగేవారు, ఫైళ్ళు చేర్చగలిగేవారు, వాటిని కదపగలిగేవారు, సభ్యులనే చేర్చి తీసివేయగలిగేవారు అని అంతస్తులు ఉన్నాయి. పంచుకోవడం అనగానే మనసులో మెదిలే పంక్తి భోజనం చిత్రం ఇక్కడ సరిపోదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ముందే రాసిపెట్టిన పంక్తి ఇది.

అంతస్తులు ఉండటం తప్పు అనడం లేదు. పని సాగాలంటే అవి కావాలి. కాని ‘పంచుకున్నది’ అనే మాట కలుపుకోవడాన్ని మాత్రమే చెప్పి మినహాయింపును మింగేస్తుంది. ‘ఎవరితో పంచుకున్నాం?’ అనే ప్రశ్నకు సాఫ్ట్‌వేర్ జాబితా చూపుతుంది. ‘ఎవరిని వదిలిపెట్టాం?’ అనే ప్రశ్నకు దాని దగ్గర జాబితా ఉండదు. ‘మా’ అనే మాటకు అలవాటుపడిన చెవి ఆ రెండో ప్రశ్ననే ముందు వింటుంది.

5. ఉమ్మడి ఆస్తి, విద్యాధనం, వాటా

సొంతం, ఉమ్మడి అనే భేదం మన సమాజానికి కొత్తది కాదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర ఈ భేదాన్ని విస్తారంగా చర్చించింది. తిక్కన కాలపు కవి మూలఘటిక కేతన 13వ శతాబ్దంలోనే దానిని విజ్ఞానేశ్వరీయంగా తెలుగులోకి తెచ్చాడు. తాతతండ్రుల నుంచి వచ్చినది ఉమ్మడి. ఉమ్మడి ధనం ఖర్చుకాకుండా తాను గడించినది స్వార్జితం. చిక్కంతా ఈ రెంటి నడుమ ఉన్న ఒక రకం సంపాదనతో వచ్చింది. ఉమ్మడి సొమ్ముతో చదువుకున్నవాడు ఆ చదువుతో గడించినది ఎవరిది? అతని బుద్ధి అతనిదే, కాని పోషించినది కుటుంబం. విద్యాధనం పేరుతో తరతరాలు సాగిన ఈ వివాదానికి 1930 నాటి హిందూ విద్యార్జిత ధన చట్టం తెర దించింది. కుటుంబం ఖర్చుతో చదివాడన్న ఒక్క కారణంతో ఆ సంపాదన ఉమ్మడిది కాదని, అది గడించినవానిదేనని ఆ చట్టం చెప్పింది.

సంస్థ ఇచ్చిన ఖాతాలో, సంస్థ ఇచ్చిన కంప్యూటర్ మీద, సంస్థ జీతం తీసుకుంటూ రాసిన రాత కూడా ఈ విద్యాధనం వంటిదే. ఇక్కడ చట్టం ఎదుటి దారి పట్టింది. 1957 భారత కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగ ధర్మంగా చేసిన రచనకు మొదటి హక్కుదారు యజమాని. అయితే అదే చట్టం 57వ సెక్షనులో మరొక హక్కును రచయితకు విడిగా ఉంచింది. కాపీరైటును బదిలీ చేసిన తరవాత కూడా ఆ రచన తనదని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. ఆస్తి ఒకరిది, కర్తృత్వం మరొకరిది అని చట్టం స్పష్టంగా విడదీసింది. కార్యస్థలాల నిర్మాణంలో ఈ విడదీత కనిపించదు. ఖాతా యాజమాన్యం బదిలీ అయినప్పుడు ఫైలుకు యజమానిగా కొత్త పేరు వస్తుంది. పాత పేరు వెర్షన్ హిస్టరీ అడుగున ఎక్కడో ఉంటుంది, వెతికేవారికి మాత్రమే.

ఉమ్మడి కుటుంబంతో ఈ పోలికను ఇంకొక అడుగు ముందుకు తీసుకువెళ్తే అసలు తేడా తెలుస్తుంది. ఉమ్మడి కుటుంబంలోనుంచి విడిపోదలచినవాడు పంపకం అడగవచ్చు. వాటా అనే భావనే ఉమ్మడిని న్యాయబద్ధం చేసింది. బయటికి పోయే దారి, పోతూ పట్టుకుపోయే పాలు ఉన్నాయి కనుక లోపల ఉండటానికి విలువ వచ్చింది. సంస్థ కార్యస్థలంలో వాటా లేదు. ఖాతా మూతపడిన రోజున మనిషి కట్టుబట్టలతో బయటపడతాడు.

ఉమ్మడి కుటుంబాన్ని ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. ఆ ‘మా’లో ఆడపిల్లలకు చాలాకాలం చోటు లేదు. ఇంట్లో పుట్టి, ఇంటిపని అంతా చేసినా వారు దాయాదులుగా లెక్కకు రాలేదు. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేట్లు ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ వారికి ఆ స్థానం ఇచ్చింది; దేశమంతటికీ అది 2005లో అందింది. పని చేసినవారందరూ వాటాదారులు కారనే సత్యాన్ని ఆ చరిత్ర చెబుతుంది. ఏడాదికోసారి ఒప్పందం మీద పనిచేసే అధ్యాపకులూ, ప్రాజెక్టు సహాయకులూ నేటి కార్యస్థలాల్లో ఉన్నది అటువంటి స్థానంలోనే.

వాటా లేకపోవడం సాంకేతిక అనివార్యత కాదనడానికి వికీపీడియా సాక్ష్యం. అక్కడ ప్రతి సభ్యునికీ వాడుకరి పేజీ ఉంటుంది. తెలుగు వికీపీడియాలో ‘ప్రయోగశాల’ పేరుతో చిత్తు రాసుకునే చోటు ఉంటుంది. అయితే అవి రహస్యాలు కావు, ఎవరైనా చూడవచ్చు. వాటి మీద సభ్యునికి యాజమాన్యమూ లేదు. ఇతరులు మర్యాదగా వదిలిపెడతారు, అంతే. దానికి బదులుగా ప్రతి మార్పుకూ కర్త పేరు చరిత్రలో అందరికీ కనిపించేట్లు నిలుస్తుంది. పేరు పేర్కొని, అదే లైసెన్సు కింద, మొత్తం సంపదను ఎవరైనా తీసుకుపోవచ్చు. అక్కడ దాపరికం లేదు కాని వాటా ఉంది. సంస్థల సాఫ్ట్‌వేర్‌లో వాటా లేదు. దాపరికం ఉన్నట్లు కనిపిస్తుంది.

6. చిత్తుప్రతికి కావలసిన చాటు

యాజమాన్యం లేనప్పుడు, పూర్తి దాపరికమూ లేనప్పుడు, సంస్థలోని వ్యక్తిగత కార్యస్థలానికి ఉన్న విలువ ఏమిటి? అది కాలానికి సంబంధించినదని నా అభిప్రాయం. రాసినదాన్ని ఎప్పుడు చూపాలో నిర్ణయించుకునే అవకాశం ఆ విలువ. చిత్తుప్రతికీ శుద్ధప్రతికీ నడుమ ఉన్న వ్యవధి రచయితది. ఆ వ్యవధిలో అతను తప్పు రాయవచ్చు, కొట్టివేయవచ్చు, అసంబద్ధమైన ఊహ చేయవచ్చు. ఎవరి మీదనైనా కోపంతో ఒక వాక్యం రాసి మరునాడు తీసివేయవచ్చు. ఈ చాటు లేని చోట మనిషి జాగ్రత్తగా రాస్తాడు. జాగ్రత్తగా రాసేవాడు తెలిసినదే రాస్తాడు.

ఉమ్మడి ఫైలులో ఈ వ్యవధి కుదించుకుపోతుంది. గూగుల్ డాక్స్ వంటి వాటిలో ఒకరు రాస్తుండగా మరొకరు అక్షరం అక్షరం చూడగలరు. వెర్షన్ హిస్టరీలో తీసివేసిన వాక్యం కూడా, తీసివేసినవారి పేరుతో, తిరిగి కనిపిస్తుంది. షేర్‌పాయింట్ గ్రంథాలయాల్లో ‘చెక్ అవుట్’ అనే పద్ధతి ఉంది. పుస్తకాన్ని ఇంటికి తీసుకుపోయినట్లు పత్రాన్ని తన పేర తీసుకుని, తిరిగి అప్పగించేదాకా తన మార్పులు ఇతరులకు కనిపించకుండా చేసుకునే వీలు అది. కలిసి ఒకేసారి రాయడం పెరిగిన కొద్దీ ఆ పద్ధతి వాడుక వెనుకబడింది.

పాఠపరిష్కరణ చేసేవారికి ఈ వెర్షన్ హిస్టరీ పెన్నిధి వలె తోస్తుంది. ఒక కవి చిత్తుప్రతి దొరికితే ఎంత సంబరపడతామో మనకు తెలుసు. అయితే ఆ ప్రతిని కవి తానుగా ఉంచివెళ్ళి ఉండాలి, లేదా కాలం దానిని మనకు అప్పగించి ఉండాలి. సాటి ఉద్యోగి, పై అధికారి అదే రోజున చదివే చిత్తుప్రతి పాఠాంతరం కాదు, నిఘా. వస్తువు ఒకటే అయినా చదివే కాలమూ, చదివేవాని అధికారమూ దాని స్వభావాన్ని మార్చివేస్తాయి.

చట్టం నుంచి ఇక్కడ పెద్ద ఆసరా దొరకదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఉద్యోగ అవసరాల కోసం వ్యక్తిగత డేటాను వాడటాన్ని, సమ్మతి విడిగా అడగనక్కరలేని న్యాయబద్ధ వినియోగాల్లో చేర్చింది. చాటును కాపాడవలసినది సంస్థలోని మనుషులే.

దీనికి ఒక గట్టి ప్రతివాదం ఉంది. చాటు అంటే దాచివేత కాదా? ప్రజల డబ్బుతో జరిగే పని వ్యక్తుల ఖాతాల్లో మూలుగుతుంటే నష్టపోయేది సమాజమే గదా? ఈ ప్రశ్న న్యాయమైనది. 1992లో వాండా ఓర్లికోవ్‌స్కీ ఒక పెద్ద సలహా సంస్థలో లోటస్ నోట్స్ ప్రవేశాన్ని అధ్యయనం చేసి ప్రచురించిన పరిశోధన దీనికి సగం జవాబు ఇస్తుంది. అక్కడ ఉద్యోగుల ఎదుగుదల పరస్పర పోటీ మీద ఆధారపడి ఉంది. తెలిసినది పంచుకుంటే లాభం కనిపించని చోట, పంచుకోవడానికే పుట్టిన సాఫ్ట్‌వేర్ ఆశించినట్లు వాడుకలోకి రాలేదు. అంతకుముందు 1988లో జొనాథన్ గ్రూడిన్ ఇటువంటి సాఫ్ట్‌వేర్లు విఫలమయ్యే కారణాలను వివరిస్తూ, అదనపు పని ఒకరి మీద పడి ప్రయోజనం మరొకరికి చేరడాన్ని ముఖ్యంగా పేర్కొన్నాడు. మనుషులు దాచుకునేది తలుపు ఉన్నందువల్ల కాదు. బయట పెడితే తమ పేరు పోతుందనీ, పాలు దక్కదనీ భయపడినందువల్ల. ఆ భయం తీరకుండా తలుపు తీసివేస్తే చిత్తుప్రతులు కార్యస్థలం నుంచే వెళ్ళిపోతాయి. అవి సొంత ఈమెయిలుకూ, సొంత పెన్‌డ్రైవ్‌కూ చేరతాయి. అప్పుడు సంస్థకు చాటూ మిగలదు, ఉమ్మడీ మిగలదు.

7. తెలుగు పరిశోధన రంగానికి ఇందులో ఉన్న పని

ఈ చర్చ సాఫ్ట్‌వేర్ కంపెనీల ఉద్యోగులకే పరిమితం కాదు. తెలుగు శాఖల్లో జరిగే పనిలో చాలా భాగం స్వభావరీత్యా ఉమ్మడిది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం వంటి పని ఈనాడు చేపడితే, సేకరించిన పదాలు, ధ్వనిముద్రణలు, ఛాయాచిత్రాలు అన్నీ ఏదో ఒక ఖాతాలోని ఫోల్డరులోకే చేరతాయి. ఆ ఖాతా ఎవరిదన్నది అప్పుడు చిన్న ప్రశ్న కాదు. ఒప్పంద అధ్యాపకుని సొంత డ్రైవ్‌లో తయారైన పదాల పట్టిక, అతని ఒప్పందం ముగిసి ఖాతా తొలగితే, గడువు దాటిన తరవాత శాఖకు దక్కదు. అదే పట్టిక షేర్డ్ డ్రైవ్‌లో ఉంటే శాఖకు దక్కుతుంది. కాని సేకరించినవాడు దానిని ఇక చూడలేడు. మొదటి సందర్భంలో భాష నష్టపోతుంది. రెండోదానిలో మనిషి నష్టపోతాడు. ఈ రెండు నష్టాల్లో ఒకదానిని ఎన్నుకోవలసిన అగత్యం లేదు.

శాఖ స్థాయిలో ఒక పుట మించని కట్టుబాటు రాసుకుంటే చాలు. ఏ పని ఎక్కడ మొదలుకావాలో అందులో ఉండాలి: క్షేత్రసామగ్రి మొదటి రోజు నుంచే ఉమ్మడి స్థలంలో, వ్యాఖ్యానమూ విశ్లేషణా రచయిత సొంత స్థలంలో. చిత్తు ఎప్పుడు ఉమ్మడికి చేరాలో నిర్ణయించేది రచయితే అయినా, అందుకు ముందే ఒప్పుకున్న గడువు ఉండాలి. సొంత స్థలాన్ని అడ్మినిస్ట్రేటర్ తెరవవలసి వస్తే ఎవరి అనుమతితో, ఎందుకు తెరిచారో నమోదై, ఆ సంగతి సంబంధిత వ్యక్తికి తెలియాలి. అన్నిటికంటె ముఖ్యంగా, వెళ్ళిపోయేవారికి తాము చేసిన పని ప్రతి ఒకటి చేతికి ఇవ్వాలి. ఫైలు పేరులోనో మొదటి పుటలోనో వారి పేరు నిలవాలి. డిజిటల్ ఆస్తికి ఇనుపపెట్టెకు లేని గుణం ఒకటి ఉంది. ఇచ్చినా ఇంట్లో మిగులుతుంది. పొలం పంచితే కమతం చిన్నదవుతుంది. ఫైలు పంచితే తరగదు. వాటా ఇవ్వకపోవడానికి పాత కుటుంబ పెద్దకు ఉన్న సాకు కూడా నేటి సంస్థకు లేదు.

వ్యక్తుల మాటలు ధ్వనిముద్రణ చేసిన సందర్భాల్లో ప్రతి ఇవ్వడానికి కొన్ని హద్దులు అవసరం. మాటలు ఇచ్చినవారి అనుమతి ఎంతవరకో, ప్రతి కూడా అంతవరకే. ఆ హద్దులు కూడా ఆ పుటలోనే రాసుకోవాలి.

8. ముగింపు

సంస్థల ఆన్‌లైన్ కార్యస్థలాలు సొంతం, పంచుకున్నది అనే రెండు మాటలతో స్థలాన్ని పంచాయి. ఆ జంట మూడో పక్షమైన సంస్థను కనబడకుండా చేస్తుందని పేర్లూ చిరునామాలూ ఖాతా నియమాలూ పరిశీలించగా తేలింది. తెలుగులోని మా, మన అనే భేదం ‘పంచుకున్నది’ అనే మాటలోని మినహాయింపును పట్టి చూపుతుంది. విద్యాధనం, వాటా అనే భావనలు ఈ వ్యవస్థలో లోపించినదానికి పేరు పెడతాయి. సాఫ్ట్‌వేర్‌ను తెనిగించే పనిలో ఉన్నవారు ఇంగ్లిషు మాటకు తెలుగు మాట వెతకడంతో ఆగకుండా, ఈ భేదాలను నిలుపుకునే పేర్లను ఆలోచించవలసి ఉంది. ‘నా డ్రైవ్’కు బదులు ‘నాకు కేటాయించినది’ అనడం అందంగా ఉండకపోవచ్చు, కాని అది నిజం. ‘పంచుకున్నవి’ అనేచోట ‘మా బృందానివి’, ‘మన సంస్థవి’ అని రెండు వేరు పేర్లు పెట్టడానికి మన భాషలో అడ్డంకి ఏదీ లేదు.

పేర్లు మారినంత మాత్రాన సంబంధాలు మారవు. రాసేవారికి చాటునూ, వెళ్ళేవారికి వాటానూ ఇవ్వవలసినది సంస్థలే. ఆ రెండూ దొరికిన చోట తమ పని తెచ్చి ఉమ్మడిలో పెట్టడానికి మనుషులు వెనుకాడరు.